చంటిపిల్లతో విశాఖ వస్తున్నారా? రోజుల్లో కాదు, పూటల్లో లెక్క వేసుకోండి

తమ్ముడూ, మీరు అడిగింది ఇది. ఏలూరు నుంచి మీరూ, మీ ఆవిడా, రెండేళ్లు నిండబోతున్న పాపా, మోకాళ్ల నొప్పులున్న మీ అమ్మగారూ డిసెంబరు రెండో వారంలో మూడు రోజులు విశాఖ రావాలనుకుంటున్నారు. చేతిలో 12,000 ఉన్నాయి. అరకు, బొర్రా గుహలు, సింహాచలం, కైలాసగిరి, జూ, రుషికొండ, సబ్‌మెరైన్ అన్నీ చూడాలని రాశారు. డబ్బు సరిపోతుందా, అన్నీ అవుతాయా అని అడిగారు.

డబ్బు సరిపోతుంది. అన్నీ మాత్రం అవ్వవు. అయ్యేలా చేయబోతే ఆ మూడు రోజులూ పాప ఏడుపుతోనే గడుస్తాయి. నేను డాబాగార్డెన్స్‌లో ఒక లాడ్జి రిసెప్షన్‌లో 11 ఏళ్లు పనిచేశాను. నా పిల్లలిద్దరూ ఈ ఊళ్లోనే పుట్టి పెరిగారు. మధ్యాహ్నం రెండు గంటలకు, వాడిపోయిన పిల్లను భుజాన వేసుకుని తాళం చెవి కోసం చెయ్యి చాచే తల్లుల ముఖాలు నాకు బాగా గుర్తు. వాళ్లు చూసిన చోట్లు మంచివే, వెళ్లిన వేళే పిల్లకు పడలేదు.

అందుకని ముందు పూటలు లెక్కపెట్టుకోండి. పొద్దున ఏలూరులో రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మధ్యాహ్నానికి విశాఖలో దిగుతారు. తిరుగు రత్నాచల్ కూడా ఇక్కడ మధ్యాహ్నమే బయల్దేరుతుంది. అంటే మీ చేతిలో ఉన్నవి మొదటిరోజు సాయంత్రం, రెండోరోజు పొద్దున, రెండోరోజు సాయంత్రం, మూడోరోజు పొద్దున. మొత్తం నాలుగు పూటలు. పూటకు ఒక్క చోటు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడున్నర దాకా పాప గదిలో నిద్రపోవాలి. ఈ ఒక్క నియమం పట్టుకుంటే మిగతావన్నీ వాటంతటవే కుదురుతాయి.

ఈ లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైనది గది ఎక్కడ తీసుకుంటారన్నది. అద్దె తక్కువని గాజువాక వైపో, మధురవాడ వైపో తీసుకునేవాళ్లు చాలామంది. రోజుకు 400 మిగిలిందనుకుంటారు. మధ్యాహ్నం పాపను పడుకోబెట్టడానికి అంతదూరం వెళ్లి మళ్లీ రావాలంటే ఆటోకే అంతకు మించి అవుతుంది. అది భరించలేక వెనక్కి వెళ్లడమే మానేస్తారు, పాప నిద్ర ఎగిరిపోతుంది, సాయంత్రం అందరికీ చిరాకు. సముద్రానికి ఎదురుగా ఉన్న హోటళ్లు మీ బడ్జెట్‌కు అందవు, వాటి జోలికి పోవద్దు. బీచ్ రోడ్డుకు రెండు మూడు వీధులు వెనక, మహారాణిపేట, కలెక్టరాఫీసు చుట్టుపక్కల చూడండి. లేదా జగదాంబ దగ్గర. అక్కడ నలుగురికి సరిపోయే ఫ్యామిలీ రూమ్ 2,000 దరిదాపుల్లో దొరుకుతుంది. మహారాణిపేట నుంచి బీచ్‌కు నడిచి వెళ్లొచ్చు. ఒక్క మాట, మా ఊరంతా ఎగుడుదిగుడు. బీచ్‌కు వెళ్లేటప్పుడు దిగుడు, వచ్చేటప్పుడు ఎక్కుడు. వెళ్లడం నడిచి వెళ్లినా, తిరిగొచ్చేటప్పుడు అమ్మగారికి ఆటో మాట్లాడండి.

గది బుక్ చేసేముందు ఫోన్ చేసి కొన్ని అడగండి. చెకవుట్ 24 గంటలదా, లేక మధ్యాహ్నం 12కా? మీ రైలు వేళలకు 24 గంటలదైతే సరిగ్గా రెండు రోజుల అద్దెతో సరిపోతుంది. 12 గంటలదైతే మూడోరోజు హడావిడి. లిఫ్ట్ ఉందా? కింద ఫంక్షన్ హాల్ ఉందా? ఇది ఎవరూ అడగరు. ముహూర్తం ఉన్న రోజున రాత్రి పదకొండు దాకా పాటలు మోగుతుంటే పిల్లలు ఉలిక్కిపడి లేస్తారు. అప్పుడు గది మార్చమని వచ్చేవాళ్లు, మార్చడానికి ఖాళీ ఉండేది కాదు. రోడ్డు వైపు గది వద్దనండి, వెనక వైపు అడగండి. మూడో మనిషికి, నాలుగో మనిషికి పరుపు వేస్తే ఎంత తీసుకుంటారో ముందే మాట్లాడుకోండి. ఇంకొకటి, గూగుల్‌లో కనిపించే ప్రతి నంబరూ ఆ లాడ్జిదే అనుకోవద్దు. ఎవరో ఫోన్ ఎత్తి "అడ్వాన్స్ వెయ్యండి" అంటే వెంటనే ఫోన్‌పే చేయకండి. బుకింగ్ యాప్‌లో కనిపించే నంబరుతో పోల్చి చూసుకోండి.

గదిలోకి వెళ్లాక సంచులు విప్పకముందే ఐదు నిమిషాలు కింద కూర్చుని, పాప ఎత్తు నుంచి చూడండి. మంచం పక్కన ప్లగ్ పాయింటు ఎంత కిందుందో కనిపిస్తుంది. బాల్కనీ ఉంటే చువ్వల మధ్య సందు చూడండి, పాప తల పట్టేలా ఉంటే ఆ తలుపు రెండు రోజులూ గడియ వేసే ఉంచండి. బాత్రూమ్ బకెట్‌లో నీళ్లు నింపి వదిలేయకండి. మంచాన్ని గోడకు జరిపించండి, అడిగితే రూమ్‌బాయ్‌లు జరుపుతారు. గీజర్ నీళ్లు మీ చేతిమీద పోసుకుని చూసుకున్నాకే పాపకు పోయండి.

ఇప్పుడు రైలు సంగతి. ఐదేళ్లలోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు, అయితే సీటూ ఇవ్వరు. సీటు కావాలంటే పెద్దవాళ్ల ఛార్జీ కట్టాలి. నా సలహా, పాపకు సీటు కొనండి. ఏలూరు నుంచి సెకండ్ సిటింగ్‌లో మనిషికి 150 లోపే అవుతుంది. ఐదు గంటలసేపు ఒళ్లో మోయడం ఎంత కష్టమో మీ ఆవిడను అడగండి. ఆ సీటుంటే పాప కాళ్లు చాపుకుని పడుకుంటుంది, దిగేసరికి హుషారుగా ఉంటుంది. వేరే రైలు చూసుకునేటట్లయితే అది విశాఖ స్టేషన్‌కు వస్తుందో లేదో టికెట్ మీద చూసుకోండి. ఒడిశా, కోల్‌కతా వైపు పోయే కొన్ని రైళ్లు ఊళ్లోకి రాకుండా దువ్వాడలో ఆగి వెళ్లిపోతాయి. అక్కడ దిగితే ఊళ్లోకి రావడానికి మళ్లీ ఓ ప్రయాణం.

మీది ఆంధ్రా ఆధార్ కాబట్టి ఇంకో పెద్ద ఆదా ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు. అమ్మగారు, మీ ఆవిడ ఒరిజినల్ ఆధార్ దగ్గర ఉంచుకుని జీరో టికెట్ తీసుకోవాలి. పాపకు ఎలాగూ ఐదేళ్లలోపు టికెట్ లేదు. అంటే నలుగురిలో టికెట్ కొనేది మీరొక్కరే. రైల్వేస్టేషన్ నుంచి బీచ్ రోడ్డు మీదుగా భీమిలి వెళ్లే 900K నంబరు బస్సు గుర్తుంచుకోండి. కైలాసగిరి కింద నుంచి, సాగర్‌నగర్, రుషికొండ మీదుగా వెళ్తుంది. బస్సు ఖాళీగా ఉండే వేళల్లో మాత్రమే ఎక్కండి. సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా నిలబడే చోటు కూడా ఉండదు, అప్పుడు ఆటోకు లేదా క్యాబ్‌కు పెట్టే డబ్బు దండగ కాదు.

మొదటి పూట, దిగిన రోజు సాయంత్రం, ఆర్కే బీచ్. మన సముద్రం తూర్పున ఉంది కదా. పొద్దున ఎండ నేరుగా ఇసుక మీద పడుతుంది. మధ్యాహ్నం దాటాక పొద్దు ఊరి వైపుకు వాలి, మేడల నీడ మెల్లగా ఇసుక మీదికి జరుగుతుంది. మూడున్నర, నాలుగుకు వెళ్తే ఇసుక కాళ్లకు చురుక్కుమనదు. డిసెంబరులో ఐదున్నరకే చీకటి పడుతుంది కాబట్టి ఆలస్యం చేయకండి.

పాపను నీళ్లలో దించే ఆలోచన వద్దు. ఆర్కే బీచ్ చూడటానికి శాంతంగా ఉన్నా, నాలుగడుగులు వేసేసరికి లోతు, వెనక్కి పోయే అల కాళ్ల కింద ఇసుకను లాగేస్తుంది. పెద్దవాళ్లే పట్టు తప్పి కొట్టుకుపోయిన సంఘటనలు ఏటా జరుగుతుంటాయి. రుషికొండ కూడా అంతే, శుభ్రంగా, భద్రంగా ఉండే బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపుతో పేరొచ్చినా అల అలే. పాపకు నీళ్లు కావాలంటే ఇలా చేయండి. అల చివర తడిసి గట్టిపడిన ఇసుక ఉంటుంది చూడండి, దానికి పదడుగులు ఇవతల కూర్చుని చేత్తో మూరెడు లోతు గుంట తవ్వండి. కాసేపటికి అడుగున చెమ్మ తేలి, నీళ్లు ఊరతాయి. అంచులు నెమ్మదిగా విరిగి పడుతుంటాయి. నా కూతురు ఆ గుంటలో చెంబుతో నీళ్లు తోడి బయట పోసి, మళ్లీ తోడి, గంటన్నర అలాగే కూర్చుంది. పక్కన చిన్న పీత ఒకటి బొరియలోంచి వచ్చి, ఆగి, అడ్డంగా పరిగెత్తి మాయమైతే దాని వెనకే చూపుడువేలు పెట్టుకుని నడిచింది. సముద్రం వైపు ఒక్కసారి కూడా చూడలేదు. రెండేళ్ల పిల్లకు అదే బీచ్. ఒక చెంబు, ఒక చెంచా ఇంటి నుంచే తెచ్చుకోండి, అక్కడ అమ్మే ప్లాస్టిక్ బొమ్మలు మర్నాటికి విరిగిపోతాయి.

బీచ్‌లో మురీ మిక్చర్ మీరు తినండి, బాగుంటుంది. పాప నోట్లో మాత్రం పెట్టకండి, అందులో వేరుశనగ పలుకులుంటాయి. ఈ వయసులో పలుకు గొంతుకు అడ్డం పడితే ప్రాణం మీదికి వస్తుంది. కాల్చిన మొక్కజొన్న గింజలూ అంతే. పాపకు అరటిపండు చాలు.

బీచ్ రోడ్డు మీదే కుర్సురా సబ్‌మెరైన్ ఉంది. 1969లో నేవీలో చేరి, 31 ఏళ్లు పనిచేసి, 2001లో రిటైరైంది. 2002 నుంచి మ్యూజియంగా చూపిస్తున్నారు. లోపల దారి సన్నం, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి రంధ్రంలోంచి వంగి, కాలెత్తి దాటాలి. అమ్మగారు దాటలేరు, పాపను ఎత్తుకుని దాటితే మీ తలో పాప తలో తగులుతుంది. మీకూ మీ ఆవిడకూ చూడాలని ఉంటే ఒకరి తర్వాత ఒకరు వెళ్లి రండి, మిగిలినవాళ్లు పాపతో బయట ఉండండి. ఎదురుగానే టీయూ-142 విమానం ఉంది, 2017లో మ్యూజియంగా తెరిచారు. పాపకైతే రోడ్డు పక్కన నిలబెట్టిన అంత పెద్ద విమానాన్ని బయట నుంచి చూడటమే పండగ, దానికి టికెట్ లేదు.

రెండో పూట జూ. ఈ యాత్రలో పాప కోసం డబ్బు పెట్టాల్సిన చోటు ఇదే. ఇందిరాగాంధీ జూ 1977లో తెరిచారు, 625 ఎకరాలు. కంబాలకొండ అడవిని ఆనుకుని ఉంటుంది, చెట్ల నీడ బాగుంది. అంత స్థలం నడిచి చూద్దామనుకోకండి. గేటు దాటగానే బ్యాటరీ కారు టికెట్ తీసుకోండి. అమ్మగారి మోకాళ్లకూ అదే మేలు. పొద్దున తెరిచే వేళకే చేరండి, అప్పుడు జంతువులు కదులుతుంటాయి, ఎండ ఎక్కితే అవి కూడా నీడకు చేరి పడుకుంటాయి. అన్నీ చూడాలని పట్టుబట్టకండి. ఏనుగు దగ్గర పాప అరగంట నిలబడితే అరగంటా నిలబడండి. తినేవి స్టీలు డబ్బాలో పెట్టి సంచిలో దాచుకోండి, కోతులు బయటే తిరుగుతుంటాయి, చేతిలో బిస్కెట్ కనిపిస్తే లాక్కుంటాయి. పదకొండున్నరకు బయటపడితే పన్నెండున్నరకు గదికి చేరి, అన్నం తిని, పాప పడుకోవడానికి సరిపోతుంది.

ఇక్కడొక జాగ్రత్త. జూకు, సబ్‌మెరైన్‌కు, విమానం మ్యూజియానికి సోమవారం సెలవు. మీ రెండోరోజు సోమవారం కాకుండా చూసుకోండి. శని, ఆదివారాలు గది అద్దె పెరుగుతుంది, బీచ్ రోడ్డంతా జనం. మంగళవారం వచ్చి గురువారం వెళ్లేలా పెట్టుకుంటే అన్నీ కలిసొస్తాయి.

మూడో పూట, రెండోరోజు సాయంత్రం, కైలాసగిరి. అక్కడ పాపకు బొమ్మ రైలు, మీకు పైనుంచి ఒంపు తిరిగిన తీరం మొత్తం, అమ్మగారికి శివపార్వతుల పెద్ద విగ్రహాలు. రోప్‌వే ఎక్కాలా వద్దా అన్నది పాప స్వభావాన్ని బట్టి మీరే చెప్పగలరు, ఎత్తుకు భయపడే పిల్లయితే రోడ్డు మీద నుంచే వెళ్లండి. కొండ మీద గాలి బాగా కొడుతుంది, చెవులు మూసే టోపీ మర్చిపోకండి. చీకటి పడకముందే దిగిపోండి.

నాలుగో పూట గురించి చెప్పేముందు అరకు మాట. మీ జాబితాలో అదే మొదట రాశారు, వద్దంటే బాధ కలుగుతుందని తెలుసు. కిరండూల్ రైలు విశాఖలో పొద్దున ఏడు లోపే బయల్దేరుతుంది, అరకు చేరడానికి దాదాపు నాలుగు గంటలు. మా బాబుకు రెండేళ్లప్పుడు నేనూ అందరిలాగే తీసుకెళ్లాను. ఆ దారిలో యాభైకి పైగా సొరంగాలు. పెద్దవాళ్లంతా సొరంగం రాగానే కేకలు పెడతారు, అదో సరదా. మా వాడికి మాత్రం ఉన్నట్టుండి చీకటి, చెవులు పగిలే చప్పుడు, అందరి అరుపులు. వాడి గోళ్లు నా మెడలో దిగబడ్డాయి. వెలుగు రాగానే ఏడుపు ఆపేవాడు, ఊపిరి తీసుకునేలోపు ఇంకో సొరంగం. బొర్రాలో దిగేసరికి అలిసిపోయి నిద్రపోయాడు. గుహలో దిగిన మెట్లన్నీ, ఎక్కిన మెట్లన్నీ 11 కిలోల బరువును భుజాన మోస్తూనే. గుహ ఎలా ఉందో వాడికి తెలియదు, నాకూ సరిగ్గా గుర్తులేదు. అమ్మగారి మోకాళ్లకు ఆ మెట్లు అసలే పనికిరావు. పాపకు ఐదారేళ్లు వచ్చాక, వలిసెపూలు పూసే రోజుల్లో, అక్కడే ఒక రాత్రి ఉండేలా రండి. అప్పుడు సొరంగాలు లెక్కపెట్టేది ఆ పిల్లే.

సింహాచలం అమ్మగారి కోరిక అయి ఉంటుంది, దాన్ని తీసేయమనను. ఏడాదంతా చందనంలో ఉండే స్వామి, ఒక్క అక్షయ తృతీయ నాడే నిజరూపం. అంతదూరం వచ్చి దర్శనం చేసుకోకుండా పంపిస్తే ఆవిడ మనసు ఊరుకోదు. కానీ నలుగురూ కలిసి వెళ్లనక్కర్లేదు. మూడోరోజు తెల్లవారుజామునే మీరూ అమ్మగారూ వెళ్లండి. కొండ మీదికి బస్సులున్నాయి, మెట్లెక్కక్కర్లేదు. వారం మధ్యలో క్యూ తక్కువగా ఉంటుంది, పొద్దున పదిన్నరకల్లా గదికి వచ్చేయొచ్చు. కొండ దిగేటప్పుడు అనాసపండు, సంపెంగలు దొరికితే తెచ్చుకోండి.

ఆ వేళకు మీ ఆవిడ పాపను తీసుకుని బీచ్ రోడ్డుకు వెళ్లొచ్చు. తెల్లవారాక కొంతసేపు నడిచేవాళ్ల కోసం అక్కడ బళ్లు ఆపేస్తారు. డిసెంబరులో ఆరుంబావు దాటాక సముద్రంలోంచి పొద్దు పొడుస్తుంది. హారన్ చప్పుడు లేని, బళ్లు లేని అంత వెడల్పు రోడ్డు మీద పిల్ల చెయ్యి వదిలేసి పరిగెత్తనివ్వడం మా ఊళ్లో ఇంకెక్కడా కుదరదు. మళ్లీ బళ్లు వదిలేముందే ఫుట్‌పాత్ మీదికి వచ్చేయమనండి. స్ట్రోలర్ తేవాలా అని అడిగారు కదా, అది పనికొచ్చేది ఇక్కడా, జూలోనూ మాత్రమే. మిగతా చోట్ల మెట్లు, ఎక్కుళ్లు, తవ్విన ఫుట్‌పాత్‌లు. ఎత్తుకునే బేబీ క్యారియర్ ఉంటే అదే తెచ్చుకోండి.

తిండి గురించి ఎక్కువ దిగులు వద్దు. ఆరున్నరకల్లా ఏ వీధిలోనైనా వేడి ఇడ్లీ దొరుకుతుంది. మధ్యాహ్నం భోజనంలో వచ్చే పప్పు, పెరుగు పాపకు సరిపోతాయి. ఇంటి నుంచి నెయ్యి డబ్బా, మీరు రోజూ పెట్టే ఉగ్గు పొడి, చిన్న ఎలక్ట్రిక్ కెటిల్ తెచ్చుకోండి. కాచి చల్లార్చిన నీళ్లు రాత్రే ఫ్లాస్కులో పోసి పెట్టుకోండి. డాక్టరు పాప బరువుకు రాసిచ్చిన జ్వరం సిరప్, ఓఆర్‌ఎస్ పొట్లాలు చేతిసంచిలోనే ఉండాలి, సూట్‌కేసులో కాదు. అర్ధరాత్రి ఏదైనా అయితే కేజీహెచ్, అంటే కింగ్ జార్జ్ ఆసుపత్రి, మహారాణిపేటలోనే ఉంది, 108 ఎలాగూ ఉంది. గది అక్కడ తీసుకోమనడానికి అది కూడా ఒక కారణం.

ఇక డబ్బు. రైలుకు పాప సీటుతో కలిపి రానుపోను 1,200 అనుకోండి. గది రెండు రోజులకు 4,000. తిండికి రోజుకు వెయ్యి చొప్పున 3,000. ఊళ్లో బస్సులు, ఆటోలకు 1,200. జూ, కైలాసగిరి, మిగతా టికెట్లకు 700. మొత్తం 10,100. మిగిలిన 1,900 ముట్టుకోకండి, మీ ఆవిడ పర్సులో విడిగా ఉంచండి. పాపకు ఒంట్లో బాగోకపోతే అప్పటికప్పుడు క్యాబ్ పిలవడానికి, మందులకు అవి. బంగాళాఖాతంలో వాయుగుండం అంటూ వార్తలొస్తే మాత్రం ప్రయాణం వారం వాయిదా వేసుకోండి. ఆ గాలివానలో గదిలో కూర్చోవడం తప్ప చేసేదేమీ ఉండదు.

మూడోరోజు సామాను సర్దేటప్పుడు పాప పొడి గౌను ఒకటి, తువ్వాలు ఒకటి సంచిలో అన్నిటికంటే పైన పెట్టండి. పొద్దున ఇసుకలో ఆడిన పిల్ల, ఎంత కడిగినా మడతల్లో ఇసుక ఉండిపోతుంది, రైలెక్కి గంట అయ్యాక గోక్కోవడం మొదలుపెడుతుంది. అనకాపల్లి దాటేలోపు తడిబట్టతో తుడిచి గౌను మార్చేస్తే, రాజమండ్రి దాకా నిద్రపోతుంది.